ఊసరవెల్లిని ఇంట్లో పెంచుకోవచ్చా?

"తొండ ముదిరితే ఊసరవెల్లి" అని తెలుగులో ఓ సామెత ఉంది. మనుషుల తీరు గురించి చెప్పిన మాటగా అది బాగానే ఉంది కానీ, జీవశాస్త్రం ప్రకారం కుదరదు. తొండ ఎంత ముదిరినా తొండే. రెండూ బల్లుల వర్గానివే అయినా కుటుంబాలు వేరు. తొండది అగామిడే, ఊసరవెల్లిది కమేలియోనిడే.

ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్, భిలాయ్ నగరాల నడుమ ఉన్న కుమ్హారి లాంటి ఊళ్లలో ఈ తికమక ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే వాడుక హిందీలో తొండనూ ఊసరవెల్లినీ కూడా 'గిర్‌గిట్' అనే అంటారు. ఉక్కు కర్మాగారంతో పాటు పెరిగిన భిలాయ్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి పిల్లలకు ఇంట్లో ఒక పేరు, వీధిలో ఇంకో పేరు వినిపిస్తుంది. వీటికి తోడు ఇప్పుడు ఫోన్లలో నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో మెరిసే విదేశీ ఊసరవెల్లుల వీడియోలు వస్తున్నాయి. వాటిని చూసిన పిల్లలు "మనమూ ఒకటి పెంచుకుందామా?" అని అడగడం సహజం. జవాబు చెప్పే ముందు ఆ రంగులు ఎలా వస్తాయో, ఆ ప్రాణి బతకడానికి ఏం కావాలో, చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి.

ఏది తొండ, ఏది ఊసరవెల్లి?

గోడల మీద, కంచెల మీద చురుగ్గా పరుగెత్తుతూ, తల పైకీ కిందికీ ఆడించేది తొండ. జతకట్టే కాలంలో మగ తొండ గొంతు, భుజాలు ఎర్రబడతాయి. అందుకే చాలామంది దాన్నే ఊసరవెల్లి అనుకుంటారు.

అసలు ఊసరవెల్లి నడక వేరు. గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తుంది. కాలివేళ్లు రెండు, మూడుగా కలిసిపోయి పటకారులా కొమ్మను పట్టుకుంటాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. రెండు కళ్లూ దేనికదే వేర్వేరు దిక్కులకు తిరుగుతాయి. మన దేశంలో కనిపించే ఊసరవెల్లి శాస్త్రీయ నామం కమేలియో జైలానికస్. ఆకుపచ్చ, పసుపు, గోధుమ, నలుపు ఛాయల మధ్యే దీని రంగు మారుతుంది. దీనికి విషం లేదు. విషముందని భయపడి జనం వీటిని చంపేయడం మాత్రం చాలా చోట్ల ఉంది.

వీడియోల్లో కనిపించే రంగురంగుల జాతులు రెండు. ఒకటి మడగాస్కర్‌కు చెందిన పాంథర్ ఊసరవెల్లి. రెండోది యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాలకు చెందిన, తలపై ఎత్తయిన కిరీటం లాంటి భాగం ఉండే వెయిల్డ్ ఊసరవెల్లి.

రంగు వెనుక భౌతికశాస్త్రం

ఊసరవెల్లి ఏ రంగు మీద కూర్చుంటే ఆ రంగులోకి మారుతుందన్నది అపోహ. దాని రంగు మార్పుకు ప్రధాన కారణాలు వేడి, వెలుతురు, భయం, కోపం, జత కోసం పోటీ.

ఈ మార్పు ఎలా జరుగుతుందో 2015లో స్విట్జర్లాండ్‌లోని జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పాంథర్ ఊసరవెల్లిపై చేసిన పరిశోధనలో తేలింది. దాని చర్మంలో ఇరిడోఫోర్లు అనే కణాలుంటాయి. వాటిలో గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికాలు వరుసగా పేర్చినట్లు ఉంటాయి. సబ్బు బుడగ మీద రంగులు కనిపించడానికి రంగు పదార్థమేదీ అక్కర్లేదు, పొర మందం చాలు. ఇదీ అలాంటిదే. స్ఫటికాల మధ్య దూరమే ఏ తరంగదైర్ఘ్యపు కాంతి వెనక్కి తిరిగిరావాలో నిర్ణయిస్తుంది.

ప్రాణి ప్రశాంతంగా ఉన్నప్పుడు స్ఫటికాలు దగ్గరగా ఉంటాయి. అప్పుడు తక్కువ తరంగదైర్ఘ్యమున్న నీలికాంతి తిరిగివస్తుంది. చర్మంలోని పసుపు వర్ణకంతో కలిసి అది మనకు ఆకుపచ్చగా కనిపిస్తుంది. పోటీకి మరో మగది ఎదురైతే స్ఫటికాలు దూరం జరుగుతాయి. తిరిగివచ్చే కాంతి పసుపు, నారింజ వైపు మళ్లుతుంది. ఆకుపచ్చ చర్మం కొద్ది నిమిషాల్లో పసుపుగా మారేది ఇలాగే. అడుగున ఉండే మరో ఇరిడోఫోర్ల పొర పరారుణ కాంతిని వెనక్కి పంపి ఎండ వేడిని కొంత తగ్గిస్తుందని కూడా ఆ శాస్త్రవేత్తలు గుర్తించారు. నల్లబడటం మాత్రం వేరే ప్రక్రియ. మెలనిన్ వర్ణకం కణాల్లో విస్తరించినప్పుడు చర్మం ముదురుతుంది.

పెంచుకోవాలనుకునే వారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఊసరవెల్లికి రంగు ఒక భాష. ప్రశాంతంగా ఉన్నది సాధారణంగా మామూలు రంగులోనే ఉంటుంది. మెరిసిపోతుంటే పోటీకి సిద్ధమై ఉండవచ్చు. పదే పదే నల్లబడుతుంటే చలి వేస్తోందో, బెదిరిందో, జబ్బుపడిందో చూడాలి. రంగులు చూడటానికి దాన్ని చేతిలోకి తీసుకోవడం, అద్దం చూపించడం అంటే ప్రతిసారీ దాన్ని బెదిరించడమే.

గాజుపెట్టె ఎందుకు పనికిరాదు?

ఊసరవెల్లికి ఎముకలు గట్టిపడాలంటే కాల్షియం కావాలి. కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి3 కావాలి. అది చర్మంలో తయారు కావాలంటే అతినీలలోహిత కిరణాల్లోని బీ రకం అవసరం. కిటికీలకు వాడే మామూలు గాజు ఈ కిరణాలను దాదాపుగా లోపలికి రానివ్వదు. కిటికీ పక్కన ఎండలో పెట్టామనుకుంటే లోపలికి వచ్చేది వెలుతురు, వేడి మాత్రమే. అందుకే విదేశాల్లో పెంచేవారు ప్రత్యేకమైన దీపాలు వాడతారు. ఆ దీపం వెలుగుతూనే ఉన్నా అందులోంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు క్రమంగా తగ్గిపోతాయి కాబట్టి, దాన్ని నిర్ణీత కాలానికి మార్చాలి.

ఇది లోపిస్తే ఎముకలు మెత్తబడతాయి. కాళ్లు వంకర పోతాయి, దవడ బలహీనపడుతుంది. ఊసరవెల్లి వేట మొత్తం నాలుక మీదే ఆధారపడి ఉంటుంది. నాలుకలోని సాగే కణజాలంలో విల్లులా శక్తిని నిల్వచేసి ఒక్కసారిగా వదులుతుంది. నాలుక, దానికి ఆధారమైన ఎముకలు దెబ్బతింటే ఎదురుగా పురుగున్నా పట్టలేక ఆకలితో చనిపోతుంది.

నీటిదీ అంతే. గిన్నెలో కదలకుండా ఉన్న నీటిని ఇది సాధారణంగా గుర్తించదు. ఆకుల మీద జారే చుక్కలనే తాగుతుంది. కాబట్టి రోజూ ఆకులు తడపాలి, అవి మళ్లీ ఆరాలి, గాలి ఆడాలి. గాజుపెట్టెలో గాలి నిలిచిపోతుంది, పైగా దాని నీడే దానికి శత్రువులా కనిపిస్తుంది. జాలీతో చేసిన ఎత్తయిన గూడు, ఒక గూటికి ఒక్కటే ప్రాణి అన్నది నియమం. వెయిల్డ్ జాతి ఆడది మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి తడి మట్టి లేకపోతే గుడ్లు కడుపులోనే ఆగి ప్రాణం పోవచ్చు.

ఇక కుమ్హారి వేసవి సంగతి. మే నెలలో ఇక్కడ ఎండ 42 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. పాంథర్ ఊసరవెల్లికి ఎండ కాచుకునే చోట 30 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ చాలు. మిగతా గూడు అంతకన్నా చల్లగా ఉండాలి. అడవిలో అయితే వేడెక్కినప్పుడు నీడలోకి జరుగుతుంది. గూట్లో జరిగే చోటుండదు. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయి కూలర్ ఆగితే మనం అరుగు మీదికి వెళ్తాం, అది వెళ్లలేదు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశపు ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టుకోవడం, పెంచుకోవడం, అమ్మడం, కొనడం నేరం. జైలు శిక్ష, జరిమానా రెండూ పడవచ్చు. సంతలో ఎవరైనా అమ్ముతున్నారంటే అది అడవి నుంచి పట్టుకొచ్చినదే అయి ఉంటుంది. జాలిపడి కొని విడిచిపెట్టినా, ఆ డబ్బుతో మరొకదాన్ని పట్టుకొస్తారు.

పాంథర్, వెయిల్డ్ జాతులు అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022లో మన చట్టాన్ని సవరించి ఆ జాబితాలోని జీవులను కూడా దాని కిందికి తెచ్చారు. 2024లో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి ప్రాణి ఉన్నవారు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పత్రాలు లేకుండా అమ్మేవారి దగ్గర కొంటే ఆ చిక్కు కొన్నవారి మెడకే చుట్టుకుంటుంది.

చూడాలంటే దారి ఇదీ

కాబట్టి జవాబు: దేశీయ ఊసరవెల్లిని పెంచుకోకూడదు. విదేశీ జాతిని కాగితాలతో కొన్నా, అది బతికే పరిస్థితులు మామూలు ఇంట్లో కల్పించడం చాలా కష్టం. సరీసృపాలకు వైద్యం తెలిసిన పశువైద్యులు దొరకడం మరీ కష్టం.

చూడటానికి మాత్రం ఏ అడ్డూ లేదు. పొదలున్న పొలం గట్ల మీద, తోటల్లో ఓపిగ్గా వెతికితే కనిపించవచ్చు. రాత్రి నిద్రపోయేటప్పుడు దీని రంగు పాలిపోతుంది. అందుకే టార్చి వెలుగులో ఆకుల మధ్య తేలిగ్గా గుర్తుపట్టవచ్చు. చూశాక వెలుగు పక్కకు తిప్పేయాలి, తాకకూడదు. తారురోడ్డు దాటుతూ కనిపిస్తే బండి ఆపి, దాని దారిన దాన్ని దాటనివ్వాలి. ఇంట్లోకి వస్తే చంపకుండా ఒక కొమ్మ అందించి, అది ఎక్కాక దగ్గర్లోని చెట్టు మీదికి చేర్చాలి. గాయపడి ఉంటే అటవీశాఖకు తెలపాలి. మన పొలాల్లో మిడతల్ని తిని బతికే ఈ ప్రాణి మన నుంచి కోరేది అంతకు మించి ఏమీ లేదు.