చిన్న పిల్లలతో కలిసి ఆడదగిన పాత వీడియో గేములు

రెండేళ్ల క్రితం దాతలలో ఒకరు మా సాయంత్రపు తరగతికి ఆరు ట్యాబ్‌లు ఇచ్చారు. వారు మనసారా ఇచ్చారు, మేమూ సంతోషంగా తీసుకున్నాము. చదువు అయ్యాక చివరి అరగంట ఆటవిడుపుగా వాటిని పిల్లల చేతికి ఇచ్చేవాళ్లం. వారం తిరగకుండానే ఒక సంగతి కంటబడింది. అంతకు ముందు ఆ అరగంటా వరండాలో ఒకటే గోల. ఇప్పుడు చప్పుడే లేదు. ఆరుగురు పిల్లలు ఆరు మూలల్లో తలలు వంచుకుని కూర్చున్నారు. మిగతా వాళ్లు వాళ్ల భుజాల మీదుగా తొంగి చూస్తున్నారు. ట్యాబ్ వెనక్కి అడిగితే ఏడుపు. ఒకటో తరగతి బాబు ఒకడు మా చేయి కొరికాడు కూడా. (మంచి పిల్లవాడే. ఇప్పుడు మూడో తరగతి.)

తప్పు ఇచ్చినవారిది కాదు, పిల్లలదీ కాదు. ఏ ఆట పెట్టాలి, ఎవరి పక్కన కూర్చోబెట్టాలి అని ఆలోచించకుండా చేతికి ఇచ్చేసిన మాదే. ఆ ఉచిత ఆటలకు ముగింపు లేదు. రెండు నిమిషాలకు ఒక ప్రకటన వస్తుంది. ఓడిపోతే, ఇంకో ప్రకటన చూస్తే ఇంకో లైఫ్ ఇస్తానంటుంది. మగ్రిబ్ అజాన్ వినబడినా ఆట ఆగదు, ఎందుకంటే ఆగే చోటు అందులో లేనే లేదు.

తరువాత ట్యాబ్‌లను పాఠాలకు మాత్రమే వాడాలని నిర్ణయించుకుని, ఆట కోసం పాతవాటి వైపు చూశాము. 1990లలో మా తమ్ముళ్లు టీవీకి తగిలించి, వీధి చివరి దుకాణంలో గంటకు ఇంత అని కట్టి ఆడిన ఆటలు గుర్తొచ్చాయి. వాటిలో ఏవి ఐదారేళ్ల పిల్లలకు పనికొస్తాయి, ఏవి పనికిరావు అన్నది ఏడాదిన్నరగా ఆడించి చూశాము. ఇళ్లలో మనవళ్లకు, మనవరాళ్లకు ఏదో ఒకటి కొనివ్వాలనుకునే పెద్దలు ఈ సంచిక చదువుతారు కాబట్టి, మేము చూసింది ఇక్కడ రాస్తున్నాము.

పాత ఆటలు చిన్నగా ఉండటానికి కారణం యంత్రాలే. 1977లో వచ్చిన అటారి 2600 యంత్రంలో తాత్కాలిక మెమరీ 128 బైట్లు. కంప్యూటరులో దాస్తే ఈ ఒక్క వాక్యం కూడా అందులో పట్టదు. అంత చోటులో కథలు, బహుమతుల పెట్టెలు, ప్రకటనలు పెట్టడం కుదరదు. ఒక నియమం, ఒకటి రెండు మీటలు, కొద్ది నిమిషాల ఆట. అయితే పాతది కాబట్టి మంచిదే అనుకోవడం పొరపాటు. దుకాణాల్లో నాణెం వేసి ఆడే యంత్రాల కోసం తయారైన ఆటలు చాలావరకు, ఆడేవాడు త్వరగా ఓడిపోయి మరో నాణెం వేసేలా కట్టినవి. ఆ కాఠిన్యం ఐదేళ్ల పిల్లల మీద పనిచేస్తే వచ్చేది ఏడుపే.

మాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది పాంగ్. 1972లో అటారి సంస్థ దీన్ని తెచ్చింది. స్థాపకులలో ఒకరైన నోలన్ బుష్నెల్, కొత్తగా చేరిన ఇంజనీరు ఆలన్ ఆల్కార్న్‌కు చేయి తిరగడం కోసం ఇచ్చిన అభ్యాసం ఇది. తెరకు అటొక గీత, ఇటొక గీత, మధ్యలో చుక్కంత బంతి. గీతను పైకీ కిందికీ జరపాలి, బంతిని వదలకూడదు. నాలుగేళ్ల పిల్లకు చెప్పడానికి అర నిమిషం చాలు. లోపల మాత్రం మంచి తెలివి ఉంది. ఆల్కార్న్ ఆ గీతను ఎనిమిది భాగాలుగా చేశాడు. నడిమి భాగాలకు తగిలితే బంతి తిన్నగా వెళుతుంది, అంచుకు తగిలితే ఏటవాలుగా పోతుంది. ఆట సాగేకొద్దీ బంతి వేగం పెరుగుతుంది. ఇంకో మాట, దుకాణాల్లో పెట్టిన ఆ మొదటి పాంగ్‌ను ఒక్కరే ఆడటానికి వీలు లేదు. ఎదుట మనిషి ఉండి తీరాలి. మాకు కావలసింది అదే.

మనవరాలిని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక నానీ ఓరోజు గుమ్మం దగ్గర నిలబడి ఈ ఆట చూశారు. "ఇది మన క్యారమ్ లాంటిదే కదా బేటా, కోణం చూసి కొట్టాలి" అన్నారు. కూర్చోండి నానీ అన్నాము. మొదటి ఆట మనవరాలే గెలిచింది. రెండో ఆటలో నానీ బంతిని అంచుతో కొట్టడం మొదలుపెట్టారు. ఆ పిల్ల నోరు తెరిచి, "నానీ, అలా ఎలా కొట్టావ్?" అని అడిగింది. ఆ తరువాత పది నిమిషాలు ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది కోణాల గురించే. ఏడో తరగతిలో మేము పతన కోణం, పరావర్తన కోణం అని నల్లబల్ల మీద గీసి చెప్పేదాన్ని ఆ పిల్ల ఒకటో తరగతిలో చేత్తో తెలుసుకుంది. అక్కడ నానీ లేకపోతే ఆ ప్రశ్న పుట్టేది కాదు.

పెద్దలు గెలవాలా, ఓడాలా అని చాలామంది అడుగుతారు. కావాలని ఓడిపోతే పిల్లలు కనిపెట్టేస్తారు, చిన్నబుచ్చుకుంటారు కూడా. మేము చేసేది వేరు. పెద్దవాళ్లు ఎడమచేత్తో ఆడతారు, లేదా పెద్దవాళ్ల గీతను సగానికి కుదించి, ఆపైన పూర్తిగా ప్రయత్నిస్తారు. గాలిపటాలు ఎగరేసే పిల్లలకు ఇలాంటి సర్దుబాటు కొత్తేమీ కాదు, వెంటనే ఒప్పుకుంటారు.

తరువాతి స్థానం ప్యాక్‌మన్‌ది. 1980లో జపాన్‌లో నామ్‌కో సంస్థకు చెందిన తోరు ఇవాతాని రూపొందించారు. అప్పటి ఆటలు ఎక్కువగా కాల్పుల ఆటలు. ఆడపిల్లలు కూడా వచ్చి ఆడేలా ఉండాలని ఆయన తినడం చుట్టూ ఆటను అల్లారు. కాల్చడం లేదు, నొక్కే మీట కూడా లేదు. నాలుగు దిక్కులకు తిప్పే కర్ర ఒక్కటే. గళ్ల దారుల్లో 240 చుక్కలు, మూలల వైపు నాలుగు పెద్ద చుక్కలు, నాలుగు దయ్యాలు. దయ్యాలన్నీ ఒకేలా ప్రవర్తించవు. ఎర్రది వెంటపడుతుంది. గులాబీ రంగుది మనకు ముందున్న చోటికి వచ్చి కాపు కాస్తుంది. నారింజ రంగుది దగ్గరికొచ్చి, మళ్లీ తన మూలకు వెళ్లిపోతుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పేయకండి. "ఏ దయ్యం ఎలా నడుస్తోందో చూసి చెప్పు" అంటే చాలు. రెండో తరగతి పిల్లలు మూడు రోజుల్లో మాకు ఎర్రదాని సంగతి, నారింజదాని సంగతి చెప్పారు. గులాబీది మాత్రం ఎవరికీ చిక్కలేదు. పరిశీలన అనే మాటను బి.ఇడి. పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివామో! ఇంత సులువుగా తరగతిలో చూసింది తక్కువ.

దీనికి ఖర్చు కూడా లేదు. ప్యాక్‌మన్‌కు 30 ఏళ్లు నిండిన సందర్భంగా 2010లో గూగుల్ తన ముఖపేజీలో దీన్ని ఆడేలా పెట్టింది. వారి పాత డూడుల్స్ భాండాగారంలో అది ఇప్పటికీ ఉంది. నాణెం వేసే మీటను రెండోసారి నొక్కితే మిస్ ప్యాక్‌మన్ కూడా వస్తుంది. అప్పుడు ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడవచ్చు. ప్రకటనలు లేవు.

టెట్రిస్ గురించి పెద్దలకు చెప్పనక్కరలేదు. నుమాయిష్‌లో, తిరునాళ్లలో అమ్మే బ్రిక్ గేమ్ చాలా ఇళ్లలో ఉండేది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దీన్ని తయారు చేశారు. నాలుగేసి గళ్లతో చేయగల ఆకారాలు ఏడు, ఆ ఏడే పైనుంచి పడతాయి. శత్రువు లేడు, దెబ్బలు లేవు. కానీ ఐదేళ్లవాడికి ఒంటరిగా కష్టం. చూడాలి, తిప్పాలి, జరపాలి, ఇవన్నీ ఒక్కసారే. మేము పని పంచుతాము. ఎక్కడ పెట్టాలో పిల్లవాడు వేలితో చూపిస్తాడు, తిప్పేది పెద్దవాళ్లు. పది రోజులకు తిప్పడం కూడా వాడే తీసుకుంటాడు. పిల్లవాడు ఒంటరిగా చేయలేనిది, తోడుంటే చేయగలిగేది, ఈ రెంటి నడుమ ఉన్న చోటే నేర్చుకునే చోటు అని వైగోట్‌స్కీ చెప్పిన మాట మాకు టెట్రిస్ దగ్గర బాగా అర్థమైంది.

నింటెండో వారి ఎక్సైట్‌బైక్ 1984 నాటిది. మోటార్ సైకిల్ పందెం. ఇందులో పడిపోతే ఆట అయిపోదు. మనిషి లేచి బండి దగ్గరికి పరిగెత్తి మళ్లీ ఎక్కుతాడు. చిన్నపిల్లలకు ఇది ఎంత ఊరటో చూస్తే గాని తెలియదు. పైగా గుట్టలు, మిట్టలు ఏరి సొంత దారి తయారు చేసుకునే వీలు కూడా ఉంది. మా పిల్లలు పందెం కంటే దారి కట్టడంలోనే ఎక్కువ సేపు ఉంటారు.

ఇక మా పొరపాట్లు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ను అందరూ పిల్లల ఆట అంటారు. మేమూ మొదట దానితోనే మొదలుపెట్టాము. పరుగెత్తడానికి ఒక మీట, ఎగరడానికి ఇంకో మీట, రెండూ కలిపి నొక్కితే గాని పెద్ద గోతులు దాటలేరు. ఐదేళ్ల వేళ్లకు అది కుదరదు. ఇద్దరు ఆడవచ్చు గాని వంతులవారీగా. ఒకడు అవుటైతేనే రెండోవాడికి వంతు. అంటే తమ్ముడు చావాలని అన్న ఎదురుచూడాలి! మొదటి రోజే కొట్లాట అయింది. ఎనిమిదేళ్లు దాటాక ఇది చక్కని ఆటే. ఐస్ క్లైంబర్‌లో ఇద్దరూ ఒకేసారి కొండ ఎక్కుతారని ఆశపడ్డాము. కానీ ఒకరు పైకి వెళితే తెర కూడా పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడి లైఫ్ పోతుంది. చురుకైన పిల్ల పక్కన నెమ్మదైన పిల్లను కూర్చోబెడితే ఏమవుతుందో ఊహించండి. కాంట్రా సంగతి సరేసరి. కాల్పులు, ఒక్క దెబ్బకు ఒక ప్రాణం. మా తమ్ముళ్లకు అది ప్రాణం గాని, చిన్నపిల్లలకు వద్దు.

కొనేటప్పుడు ఒక మాట. బజారులో దొరికే "9999 ఆటలు ఒకే క్యాసెట్‌లో" అన్న వాటిలో అసలు ఉండేవి కొద్ది ఆటలే. పేర్లు మార్చి మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిలో పేకాట, స్లాట్ మిషన్ తరహావి కూడా కలిసి ఉండవచ్చు. డబ్బు పెట్టకపోయినా జూదపు అలవాటు వేళ్లకు పట్టించడం మాకు ఇష్టం లేదు. కాబట్టి జాబితా అంతా పెద్దలు ముందు చూడాలి. పైగా అలాంటి క్యాసెట్లు సాధారణంగా హక్కుదారుల అనుమతి లేకుండా తీసిన నకళ్లు. దానం సొమ్ముతో అటువంటిది కొనడం సబబు కాదని మేము మానేశాము. బాతుల్ని తుపాకీతో కొట్టే డక్ హంట్ అడిగిన తండ్రులూ ఉన్నారు. ఆ పాత తుపాకీ పనిచేసేది వెనకటి లావుపాటి గాజు టీవీలతోనే, ఇప్పటి పలచటి టీవీలతో కాదు.

రెండేళ్లలోపు పిల్లలకు ఏ తెరా వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంట మించరాదనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. మా దగ్గర అరగంటే, అదీ వారానికి మూడు రోజులు. గదిలో దీపం వేసే ఉంచుతాము, తెరకు దూరంగా కూర్చోబెడతాము. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో వేగంగా మెరిసిన ఎరుపు, నీలం వెలుగుల వల్ల వందల మంది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. మూర్ఛ వచ్చిన పిల్లలుంటే డాక్టరును అడిగాకే ఆడించాలి.

నకళ్లు మానేశాక పాంగ్ ఎక్కడిది అని మీకు సందేహం రావచ్చు. మా ఎనిమిదో తరగతి ఆడపిల్లలు తయారు చేశారు. అమెరికాలోని ఎంఐటీ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే ఉచిత సాధనంతో, ఆఫీసులో మూలపడి ఉన్న కంప్యూటర్ మీద, నాలుగు శనివారాల్లో. గీతను సగానికి కుదించే మీట కూడా వాళ్ల ఆలోచనే. చిన్నపిల్లలు ఇప్పుడు దాన్ని "ఆపావాళ్ల ఆట" అంటారు.

ఈ ఏడాది ఏమి ఇవ్వమంటారని ఆ ట్యాబ్‌ల దాత మళ్లీ అడిగారు. ఒక యూఎస్‌బీ కీబోర్డు చాలని చెప్పాము. ఒకే కంప్యూటర్‌కు రెండు కీబోర్డులు తగిలిస్తే ఇద్దరు పిల్లలు మోచేతులు తగలకుండా కూర్చోవచ్చు. దానితో పాటు శనివారం అసర్ తరువాత అరగంట వచ్చి ఒక పిల్లవాడికి ఎదురుగా ఆడగలరా అని అడిగాము. కీబోర్డు మరునాడే పంపించారు. రెండో దానికి, ఆలోచించి చెబుతానన్నారు. ఇప్పటికి రెండు శనివారాలు వచ్చారు. రెండుసార్లూ ఓడిపోయారు, ఎడమచేత్తో కాదు.