సాక్ష్యం లేకపోయినా రావచ్చు

గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల నుంచి కోచింగ్ కోసం హైదరాబాద్ అమీర్‌పేట హాస్టళ్లకు వచ్చే క్రైస్తవ పిల్లల సూట్‌కేసుల్లో తరచూ అమ్మ సర్దిన బైబిల్ ఒకటి ఉంటుంది. మొదట దిండు పక్కన, తర్వాత మంచం కింద. విశ్వాసం వదిలేద్దామని ఎవరూ నిర్ణయించుకోరు. మైత్రీవనం చుట్టుపక్కల వారాంతపు బ్యాచ్‌లు ఆదివారం పొద్దున్నే మొదలవుతాయి, ఆరాధనా అప్పుడే. ఒక వారం తప్పితే బాధేస్తుంది. కొన్నాళ్లకు తప్పినట్టే అనిపించదు.

అయితే దూరం పెంచేది బద్ధకం కంటే సిగ్గేనని నా నమ్మకం. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచేది ఎక్కువగా వీసా వచ్చినవాళ్లు, ఆఫర్ లెటర్ అందుకున్నవాళ్లు. ఇంటర్వ్యూలన్నీ పోయిన కుర్రాడు ఏమని లేస్తాడు? ఉద్యోగం వచ్చాకే వెళ్దాంలే అనుకుంటాడు. "చర్చికి వెళ్లావా నాన్నా?" అని అమ్మ ఫోన్లో అడిగితే వెళ్లానంటాడు. ఆ అబద్ధం ఆడాక ప్రార్థనకూ మొహం చెల్లదు.

లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడూ ఇలాగే లెక్కేసుకున్నాడు. కొడుకుననే అర్హత పోయింది, కూలివాడిగానైనా పెట్టుకోమందామని మాటలు కూర్చుకుని బయల్దేరాడు. తీరా ఇంటి దగ్గర ఆ కూలి మాట నోట్లోనే ఉండిపోయింది. ఈలోపే తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. ఆ కథలో నాకు అన్నిటికన్నా విలువైనది అతను చెప్పలేకపోయిన ఆ మాటే.

సంఘమే గాయపరిస్తే వెళ్లిపోయినవాళ్ల సంగతి వేరు. హిందూ పురాణాల వైపు మళ్లాడని క్రైస్తవ పెద్దలు కవి గుర్రం జాషువాను వెలివేశారు. ఆ కవే రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. గాయపడ్డవాళ్లు పాత చోటికే వెళ్లాలని నేననను, మరో సంఘాన్ని వెతుక్కోవచ్చు.

మిగతావాళ్లు ముందు అమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పేయండి. ఆవిడ కోప్పడొచ్చు, కానీ ఆ రాత్రే మీకోసం మోకరిస్తుంది. గదిలో ఏకాంతం దొరక్కపోతే పంజాగుట్ట వైపు నడుస్తూ మనసులోనే ప్రార్థించండి. పంజాగుట్టలోనే నిమ్స్ ఆసుపత్రి ఉంది. అక్కడ రోగుల కోసం కాచుకున్నవాళ్లెవరూ తమ అర్హత చూసుకుని దేవుణ్ణి పిలవరు. బ్యాచ్ మానక్కర్లేదు, సాయంత్రం ఆరాధన ఎక్కడుందో కనుక్కుని వెళ్లి చివరి వరుసలో కూర్చోండి. ఏం చేస్తున్నావని పాస్టర్ గారు అడిగితే, "ఇంకా ఏమీ రాలేదండి, ప్రార్థన చేయండి" అనండి.

సంఘ పెద్దలకూ ఒక మనవి. అప్పుడప్పుడైనా ఇంకా ఏమీ దొరకని పిల్లల చేత సాక్ష్యం చెప్పించండి.