గునుగు మడి

తొలకరి కురిసిన కొద్ది రోజులకు జోగిపేట పరిసరాల చేనుగట్లపై, బీళ్ళలో గునుగు మొలకెత్తుతుంది. జానెడు చోటున పదులకొద్దీ మొలకలు! అన్నీ ఒకే ఎత్తు. బతుకమ్మ పండుగనాటికి అదే చోటు చూడండి. రెండు మూడు మొక్కలు నడుమెత్తు పెరిగి, కొమ్మకొమ్మకూ కంకి వేసి ఉంటాయి. వాటి నీడలో బెత్తెడు ఎత్తున, ఒకే ఒక్క కంకితో మరికొన్ని. తక్కినవాటికి ఆనవాలే ఉండదు. నేల ఒకటే, వాన ఒకటే. మరి ఈ తారతమ్యం ఎక్కడిది?

మొదటి భేదం అత్యల్పం. ఒక గింజ కొంచెం బరువైనది కావచ్చు, ఒకటి ఒకనాడు ముందు మొలిచి ఉండవచ్చు. వెలుగు పైనుండి వస్తుంది కనుక అంగుళం ఎత్తైన మొక్క నీడ పొట్టిదానిపై పడుతుంది. పొట్టిదాని నీడ పొడుగుదానికి తగలదు. ఆ అంగుళమే చక్రవడ్డీవలె పెరుగుతుంది. భూమిలోపలి పోటీ ఇంత నిర్దయమైనది కాదు. నీటిని, లవణాలను వేళ్ళు సాధారణంగా తమ పరిమాణానికి తగినట్లు పంచుకుంటాయి. అందువలన నిస్సారమైన చెలకలో మొక్కలన్నీ గిడసబారినా ఇంచుమించు సమానంగా ఉంటాయి. సారవంతమైన నల్లరేగడిలోనే ఎక్కువ తక్కువలు పెరుగుతాయి. ఇది కొంత విడ్డూరంగా తోచవచ్చు.

ఇట్లు కిక్కిరిసిన మొక్కలు తమంతట తామే పలుచబడటాన్ని 1963లో జపాను శాస్త్రజ్ఞుడు యోడా, ఆయన సహచరులు లెక్కకట్టారు. వారి సూత్రం ప్రకారం మొక్కల సంఖ్య నాలుగోవంతుకు తగ్గేసరికి మిగిలినవాటి సగటు బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఈ నిష్పత్తి అన్నిచోట్లా సరిగ్గా ఇంతే కాదని తరువాత వాదోపవాదాలు జరిగాయి.

మన ప్రబంధకవులు వనవర్ణనలలో చెట్ల పేర్లను వరుసగా చెప్పి మురిసిపోయారు కాని, వాటి మధ్య పోరును అంతగా పట్టించుకోలేదు. మన రైతు పట్టించుకున్నాడు. జొన్నలో కందిని సాళ్ళుగా వేశాడు. జొన్న వేగంగా ఎదుగుతుంది, కంది మొదట నెమ్మది. జొన్న కోసిన తరువాత వెలుగంతా కందిదే! 1972లో పటాన్‌చెరు వద్ద నెలకొన్న ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ అంతరపంటను నిశితంగా పరిశీలించారు.

పోరు ఎల్లప్పుడూ నీడతోనే సాగదు. 1950లలో పూనా ప్రాంతంలో గుర్తింపబడి దేశమంతటా వ్యాపించిన వయ్యారిభామ, తనలోని విషపదార్థంతో పొరుగు మొలకలను అణచివేస్తుంది. దానికీ ప్రత్యర్థి ఉన్నది: తంగేడుకు చుట్టమైన తగిరిస. వానలకు గుంపుగా మొలిచి, ఆ భామకు వెలుగు అందనీయదు.

కలుపుమందులు వచ్చిన తరువాత చేలల్లో గునుగు అరుదవుతున్నది. రైతుకది కలుపే, ఆయనను తప్పుపట్టలేము. కాని పండుగనాడు పూలకోసం ఆడపడుచులు వెతుక్కోవలసి వస్తున్నది. ఈ వానాకాలం మీ ఇంటి దగ్గరి బీడులో ఒక గజం చోటు ఎంచుకొని మొలకలను లెక్కించండి. పండుగ ముందు మళ్ళీ లెక్కించి, అన్నిటికన్నా పెద్దదానిని, చిన్నదానిని కొలిచి రాసుకొనండి.