సాపేక్ష క్షీణత: శంషాబాదు చెప్పు పాఠము

మన శంషాబాదు పేరులోనే చరిత్ర పాఠమొకటి ఇమిడి ఉన్నది. నిజాం సంస్థానమున పైగా వంశీయులు 'షమ్సుల్ ఉమరా' అను బిరుదు వహించిరి. ప్రభువర్గములో సూర్యుడని దాని భావము. ఆ బిరుదే ఈ ఊరికి పేరైనది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసినది. 1949లో జాగీరులు రద్దయినవి. సూర్యుడు అస్తమించెను, పేరు నిలిచెను.

2008 మార్చిలో ఇచట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. అదే సంవత్సరము బేగంపేటలోని పైగా ప్యాలెసులో అమెరికా కాన్సులేటు నెలకొన్నది. 2023లో అది నానక్‌రామ్‌గూడకు తరలినది. అదే 2008 సెప్టెంబరులో న్యూయార్కున లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలా తీసినది. మన పిల్లలకు అమెరికా దారి సుగమమైన యేడే ఆ దేశపు ఆర్థిక ప్రాభవమునకు పెద్ద దెబ్బ తగులుట గమనింపదగిన విషయము.

అట్లని అమెరికా పతనమైనదనుట తొందరపాటు. క్షీణత రెండు విధములు. స్వంత బలము తగ్గుట మొదటిది. ఇతరులు పెరుగుటచే తన వాటా తగ్గుట రెండవది. దీనినే సాపేక్ష క్షీణత అందురు. తరగతిలో ఒక విద్యార్థికి ఎప్పుడును 80 మార్కులే వచ్చుచుండగా, వేరొకడు 30 నుండి 70కి ఎదిగెననుకొందము. మొదటివాని మార్కులు తగ్గలేదు. ఇద్దరి నడిమి దూరము తగ్గినది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ప్రపంచ పారిశ్రామికోత్పత్తిలో సుమారు సగము అమెరికాదే. ఐరోపా, జపానులు శిథిలమై ఉండుటయు అందుకొక కారణము. అవి క్రమముగా కోలుకొనినవి; 1978 నుండి చైనా సంస్కరణల బాట పట్టినది. కొనుగోలు శక్తి లెక్కన 2014లో చైనా అమెరికాను దాటెనని అంతర్జాతీయ ద్రవ్యనిధి అంచనా. అయినను మారకపు రేట్ల లెక్కన నేటికిని అమెరికాదే ప్రథమ స్థానము. దేశదేశముల విదేశ మారక నిల్వలలో డాలరుదే అగ్రభాగము.

జోస్యములను సైతము జాగ్రత్తగా స్వీకరింపవలెను. ఆర్థిక బలమును మించిన సైనిక భారము మహారాజ్యములను కృంగదీయునని పాల్ కెనెడీ అను చరిత్రకారుడు 1987లో వ్రాసి, అమెరికాను హెచ్చరించెను. కాని ముందుగా 1991లో కూలినది సోవియట్ యూనియను.

2025 సెప్టెంబరులో అమెరికా, తన దేశము వెలుపల ఉన్నవారి కొరకు పెట్టు కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించినది. అప్పు చేసి పిల్లలను పంపు తల్లిదండ్రులకు ఇది కేవలము పుస్తక విషయము కాదు. కావున విద్యార్థి మిత్రులకు మేము చెప్పునది ఇంతే: పోదలచినవారు పోవచ్చును, కాని ఒకే దేశపు వాకిలిని నమ్ముకొని చదువును ఎంచుకొనరాదు. ఎచటనైనను చెల్లు విద్యను సంపాదింపవలెను. విమానము ఎక్కునపుడు ఆ ఊరి పేరును ఒకసారి తలచుకొనుడు.