రొమ్ములోని గడ్డ – చిట్టెలుకలు నేర్పిన పాఠము

అనకాపల్లి బెల్లమునకు పెట్టినది పేరు. సెగగడ్డ లేచినచో బెల్లము, సున్నము కలిపి పట్టు వేయుట మన ఇండ్లలో పెద్దల నాటి అలవాటు. గడ్డ పక్వమై, చీము పోయి మానునని వారి అనుభవము. అయితే రొమ్ములో చేతికి తగిలిన గడ్డకు కూడ ఇదే చాలునా?

చాలదు. అర్బుదము గుండ్రముగా, కదలక, స్వల్పమైన నొప్పితో ఉండి, చిరకాలము పెరుగుననియు, పక్వము కాదనియు సుశ్రుత సంహిత చెప్పుచున్నది. పక్వము కాని గడ్డకు పట్టు వేసి కాలము గడుపుట ప్రమాదకరము. "నొప్పి లేదు కదా" అని ఊరుకొనుటయు తగదు.

ఈ గడ్డ ఏల పెరుగును? కణము పైపొరపై "హెర్-2" అను మాంసకృత్తు ఉండును. ఇది వాకిటి గంట వంటిది. గంట మ్రోగినపుడు కణము విభజన చెందును. ఈ మాంసకృత్తు అధికమైనచో గంట ఆగక మ్రోగుచునే ఉండును. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుండి 20 శాతము ఇట్టివే. ఎలుక జాతిలో దీనికి సమానమైన దానిని "న్యూ" అందురు.

ఉస్మానియా విశ్వవిద్యాలయములో పరిశోధన చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, ఆయన సహచరులు 2005లో ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. కణవిభజనను నడుపు "సి.డి.కె.-4" అను మాంసకృత్తు లేని చిట్టెలుకలను వారు పరీక్షించిరి. "న్యూ" ప్రేరణతో రావలసిన రొమ్ము కణితులు వాటిలో సరిగా పెరుగలేదు. కాని "వింట్" అను వేరొక సంకేతముచే కలుగు కణితులు మాత్రము యథాప్రకారము పెరిగెను.

ఇందలి నీతి స్పష్టము. చేతికి ఒకే విధముగా తగిలిన గడ్డలను లోపల నడుపు సంకేతములు వేరు వేరు. వానిని గుర్తించుటకు ముక్క తీసి పరీక్షించుటయే మార్గము. హెర్-2 అధికముగా ఉన్నట్లు తేలినవారికి, ఆ గంటను అణచు ట్రాస్టుజుమాబ్ అను ఔషధము 1998లో అమెరికాలో ఆమోదము పొంది, నేడు మన దేశములోను లభించుచున్నది.

కావున సోదరీమణులారా! రొమ్ములోగాని చంకలోగాని కొత్తగా గడ్డ, చర్మముపై సొట్ట, చనుమొన లోనికి లాగుకొనుట, రక్తస్రావము కనిపించినచో సిగ్గుపడక వెంటనే వైద్యునికి చూపవలెను. గడ్డలలో అధికభాగము క్యాన్సరు కావు. ఆ సంగతి తేల్చవలసినది పరీక్షయే. అనకాపల్లి వారికి విశాఖ దారిలోని అగనంపూడిలోనే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కలదు. పసుపు, బెల్లము వంటింటి మేలునకే. గడ్డ నిర్ణయమునకు కావు.