కంపైలర్ ఒక్కటే చాలదు: తొలినాటి లినక్స్ చెప్పే హెడర్ ఫైళ్ల పాఠం

1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఒక చిన్న ప్రకటన చేశారు. 386 ప్రాసెసర్ ఉన్న పీసీల కోసం సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, బాష్ 1.08, జీసీసీ 1.40 అప్పటికే దానిపై నడుస్తున్నాయని అందులో చెప్పారు. అదే తర్వాత లినక్స్ అయింది. బాష్ మన ఆదేశాలను అందుకునే ప్రోగ్రామ్. జీసీసీ, సీ భాషలో రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్.

విత్తు ముందా, చెట్టు ముందా?

లినక్స్‌ను చాలావరకు సీ భాషలోనే రాశారు. దాన్ని యంత్రభాషలోకి మార్చాలంటే కంపైలర్ కావాలి. కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే కాబట్టి అది నడవడానికి ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. మరి మొదలు ఎక్కడ?

ఈ చిక్కును టోర్వాల్డ్స్ మరో సిస్టమ్ సాయంతో విప్పారు. ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ బోధన కోసం తయారుచేసిన మినిక్స్ మీద జీసీసీని నడిపి, లినక్స్ 0.01ను కంపైల్ చేశారు. డిస్కుపై ఫైళ్లను అమర్చే పద్ధతిని కూడా మినిక్స్ నుంచే తీసుకున్నారు. అందువల్ల ఒకదానిలో రాసిన ఫైలును మరొకదానిలో చదవడం వీలైంది. 1991 డిసెంబరులో వచ్చిన 0.11 నాటికి లినక్స్ మీదే లినక్స్‌ను కంపైల్ చేయగలిగారు.

హెడర్ ఫైలు చేసే పని

కంపైలర్‌ను డిస్కులోకి ఎక్కించినంత మాత్రాన పని పూర్తికాదు. దానితో పాటు లైబ్రరీ, హెడర్ ఫైళ్లు కూడా ఉండాలి. సీ ప్రోగ్రామ్ పైన కనిపించే 'ఇంక్లూడ్' వరుసకు అర్థం చాలా సరళం: ఫలానా ఫైలులోని పాఠాన్ని తెచ్చి ఇక్కడ అతికించు. ఆ ఫైలు ఎక్కడుందో కంపైలర్‌కు ముందే తెలియాలి. యూనిక్స్ సంప్రదాయంలో 'యూఎస్ఆర్' డైరెక్టరీలోని 'ఇంక్లూడ్' దాని చోటు. అక్కడ ఫైలు లేకపోతే కంపైలర్ వెంటనే ఆగిపోతుంది.

హెడర్‌లో ఉండేది ప్రధానంగా ఒప్పందం. ప్రోగ్రామ్ తెరపై ఏదైనా రాయాలంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను ఒక సంఖ్యతో అడగాలి. 0.01 హెడర్లలో చదవడానికి 3, రాయడానికి 4, ఫైలు తెరవడానికి 5 అని ఉంది. 32 బిట్ల పీసీ లినక్స్‌లో నేటికీ అవే సంఖ్యలు.

మాట కలవకపోతే?

ఫైలు లేకపోతే కనీసం హెచ్చరిక వస్తుంది. అసలు ప్రమాదం తప్పుడు హెడర్‌తో వస్తుంది. ఒక దరఖాస్తు ఫారం ఊహించండి. మీ దగ్గరి పాత ఫారంలో మూడో గడి వయసు, గుమాస్తా దగ్గరి కొత్త ఫారంలో మూడో గడి పిన్‌కోడ్. ఇద్దరూ తప్పు చేయరు, ఫలితం మాత్రం తప్పు. అలాగే ఒక విలువకు 2 బైట్లని ప్రోగ్రామ్, 4 బైట్లని కెర్నల్ అనుకుంటే ఆ తర్వాతి విలువలన్నీ జరిగిపోతాయి. కంపైలర్ మాత్రం ఏ ఫిర్యాదూ చేయదు.

ఒకప్పుడు లినక్స్ వాడేవారు 'ఇంక్లూడ్'లోని కెర్నల్ హెడర్ల చోటు నుంచి కెర్నల్ సోర్సుకు నేరుగా లింకు పెట్టుకునేవారు. కొత్త కెర్నల్ సోర్సు దించుకోగానే హెడర్లు మారిపోయేవి, లైబ్రరీ మాత్రం పాత హెడర్లతో కంపైలైనదే. ఈ అలవాటు వద్దని, లైబ్రరీ ఏ హెడర్లతో తయారైందో వాటినే ఉంచుకోవాలని 2000లో టోర్వాల్డ్స్ స్వయంగా చెప్పారు. 2006లో, ప్రోగ్రాములకు పనికొచ్చే హెడర్లను మాత్రమే వేరుచేసి ఇచ్చే ఏర్పాటు కెర్నల్‌లోకి వచ్చింది. 2012లో ఆ హెడర్లకు సోర్సులోనే ప్రత్యేక డైరెక్టరీ ఏర్పడింది.

2038 దాకా

ఇది పాత కథ కాదు. 32 బిట్ల సిస్టమ్‌లలో సంప్రదాయంగా కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో, 32 బిట్ల సంఖ్యగా లెక్కిస్తారు. దాని గరిష్ఠ విలువ 2,14,74,83,647. మన సమయం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ లెక్క నిండుతుంది. మరుసటి సెకనులో సంఖ్య రుణాత్మకమై, తేదీ 1901 డిసెంబరుకు వెళ్లిపోతుంది.

కాలానికి 64 బిట్లు కేటాయించడమే పరిష్కారం. ఆ వెడల్పు రాసి ఉండేది హెడర్‌లోనే. కానీ ఒక్క ప్రోగ్రామును తిరిగి కంపైల్ చేస్తే చాలదు. అది వాడే లైబ్రరీల్లో ఒకటి పాత వెడల్పుతో మిగిలిపోయినా ఫారం గడులు మళ్లీ జరిగిపోతాయి. గోడల వెనుక, యంత్రాల లోపల ఏళ్ల తరబడి నడిచే చిన్న కంప్యూటర్ల విషయంలో ఈ పనికి గడువు తెలుసు.

మీ దగ్గర లినక్స్ కంప్యూటర్ ఉంటే ఒకసారి ఆ 'ఇంక్లూడ్' డైరెక్టరీ తెరిచి చూడండి. అందులోని ఫైళ్లు మామూలు పాఠమే, ఎవరైనా చదవవచ్చు. కంపైలర్, లైబ్రరీ, కెర్నల్ ఒకే మాట మీద నిలబడటానికి ఆధారం అవే.