అడంగల్ దిద్దే ముందు

ఒరే నానీ,

అక్క ఫోన్ చేసింది. పాత టాబ్లెట్‌లో లినక్స్ ఎక్కించావట, టచ్ పనిచేయడం లేదని నిద్ర మానేశావట. ముందు అన్నం తిని పడుకో. ఈ ఉత్తరం రేపు చదివినా కొంపలేం మునగవు. నాకు కోపం లేదురా, ముచ్చటగానే ఉంది.

నువ్వు డ్రైవర్ని తిట్టుకుంటున్నావు. పాపం, దాని తప్పేం లేదు. టచ్ చిప్ ఏ ఐ2సీ బస్సు మీద ఉంది, ఏ జీపీఐఓతో మేలుకుంటుంది అని కెర్నెల్‌కి చెప్పేది ఫర్మ్‌వేర్ ఇచ్చే డీఎస్‌డీటీ పట్టిక. పొలం ఒకరు దున్నుతుంటే అడంగల్లో ఇంకొకరి పేరున్నట్టు ఉంటుంది కొన్ని మెషీన్లలో ఆ పట్టిక. ఆండ్రాయిడ్‌తో అమ్మిన ఇంటెల్ టాబ్లెట్లలో ఇది మరీ ఎక్కువ. ఆ వివరాలన్నీ ఫ్యాక్టరీ కెర్నెల్లోనే రాసేసుకున్నారు కాబట్టి పట్టిక ఎలా ఉన్నా వాళ్లకి గడిచిపోయింది.

మీ తాతయ్య గుర్తున్నాడా? ఎవరు కాగితం చూపించినా గట్టు దాకా నడిచి చూసేవాడు. నువ్వూ అంతే చెయ్యి. డీఎస్‌డీటీని కాపీ చేసి ఐఏఎస్‌ఎల్ అనే ప్రోగ్రాంతో విప్పు. టచ్ పరికరం దగ్గర _ఎస్‌టీఏ చూడు. అది సున్నా ఇస్తుంటే, ఆ పరికరం అసలు లేదని ఫర్మ్‌వేర్ చెబుతున్నట్టే. తర్వాత _సీఆర్‌ఎస్‌లో అడ్రసు, ఇంటరప్టు సరిచూడు.

దిద్దిన పట్టికకి ఓఈఎం రివిజన్ ఒక అంకె పెంచి, కంప్రెస్ చెయ్యని సీపీఐఓలో ఇనిట్‌ఆర్‌డీ ముందు పెడితే కెర్నెల్ దాన్నే తీసుకుంటుంది. సెక్యూర్ బూట్ ఉంటే ఒప్పుకోకపోవచ్చు. రోగం తెలుసుకోవడానికి ఈ పని చెయ్యి, తప్పులేదు. అక్కడితో ఆగిపోతే మాత్రం ఊరుకోను. బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ ఆ పట్టికలో మెమరీ అడ్రసులు నింపుతుంది. రేపు బయోస్ అప్‌డేట్ అయితే నీ పాత కాపీ వేరే చోటుని చూపించొచ్చు, అప్పుడొచ్చే గడబిడకి కారణం పట్టుకోవడం నరకం.

అసలు మందు కెర్నెల్లో ఉండాలి. 2022లో వచ్చిన 5.17లో హాన్స్ డి గూడ్ ఎక్స్86-ఆండ్రాయిడ్-టాబ్లెట్స్ అనే మాడ్యూల్ చేర్చాడు. అది ఫర్మ్‌వేర్ చెప్పే డీఎంఐ పేరుని బట్టి టాబ్లెట్‌ని గుర్తుపట్టి, పట్టికలో లేని పరికరాలని తానే చెబుతుంది. సిలీడ్ టచ్ చిప్పులకైతే టచ్‌స్క్రీన్_డీఎంఐ ఫైల్లో తెర కొలతలు, ఫర్మ్‌వేర్ పేరు రాస్తే చాలు. నీది చవక రకం కదా, డీఎంఐలో కంపెనీ పేరుండాల్సిన చోట "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అని ఉండొచ్చు. ఆ ఒక్క మాటతో పోల్చావంటే ఎవరెవరి కంప్యూటర్లో నీ సవరణకి బలవుతాయి. బయోస్ తేదీ కూడా కలుపు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఆ మాడ్యూల్లో ఛార్జింగ్ అంకెల జోలికి ఊహించి వెళ్లకు. 4.2 వోల్టుల సెల్‌కి 4.35 రాస్తే బ్యాటరీ ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా. టచ్ లేకపోయినా బతకొచ్చు నాన్నా. అక్క గుండె అసలే అంతంత మాత్రం.

ఏమీ దిద్దని డీఎస్‌డీటీ, డీఎంఐ వివరాలు నాకు పంపు. దసరాకి వచ్చేటప్పుడు టాబ్లెట్ పట్టుకురా, ప్యాచ్ ఇద్దరం కూర్చుని రాద్దాం. పంపేది మాత్రం నీ పేరు మీదే.

ప్రేమతో,
పిన్ని